కంప్యూటర్‌లో ఎమర్జెన్సీ కేసు షీట్లు వెతకడం: ఒడిశా అంచు ఆసుపత్రుల తెలుగు స్టాఫ్ తరచుగా అడిగే ప్రశ్నలు

పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు ఆసుపత్రుల్లో పనిచేసే తెలుగు సిస్టర్లు, హౌస్ సర్జన్లు, డేటా ఎంట్రీ పిల్లలు నన్ను ఫోన్‌లో అడిగే ప్రశ్నలివి. నెలకోసారి క్యాజువాల్టీ రికార్డులు తిరగేసి లెక్కలు తీయడం నా డ్యూటీలో భాగం. అవే అనుమానాలు మళ్లీ మళ్లీ వస్తున్నాయి కాబట్టి ఒకచోట రాసి పెడుతున్నాను. ఏ ప్రశ్న కావాలంటే అది చదువుకోండి, వరసగా చదవనక్కర్లేదు.

## మొదలుపెట్టే ముందు

కేసు షీట్లన్నీ కంప్యూటర్‌లోనే ఉన్నాయి కదా మేడమ్, పేరు కొడితే వచ్చేస్తాయి. ఇందులో అంత పనేముంది?

కంప్యూటర్ రోగాన్ని వెతకదు, ఎవరో టైప్ చేసిన అక్షరాల్ని వెతుకుతుంది. ఈ తేడా ఎంత పెద్దదో ఒక అమ్మాయి వల్ల నాకు తెలిసింది.

మన ఊళ్లలో చీకటి పడ్డాక పాము పేరెత్తరు, "పురుగు ముట్టింది" అంటారు. ఒకరోజు తెల్లవారుజామున ఆ అమ్మాయిని ఆటోలో తీసుకొచ్చారు. నేల మీద చాప వేసుకుని పడుకుందట. కడుపునొప్పి, వాంతి, కనురెప్పలు వాలిపోతున్నాయి. ఒంటి మీద గాటు లేదు. "ఏదో పురుగు ముట్టినట్టుందమ్మా" అంది తల్లి. రిజిస్ట్రేషన్‌లో కూర్చున్న ఒడియా అబ్బాయికి తెలుగు బాగానే వచ్చు. విన్నది విన్నట్టు "ఇన్‌సెక్ట్ బైట్" అని కొట్టాడు. డ్యూటీ డాక్టరు ఆ రెప్పలు చూసి కట్లపాము అని పట్టేశారు, ఏఎస్‌వీ (పాము విషానికి విరుగుడు మందు) ఎక్కించారు, పిల్ల బతికింది. ఏడాది చివర "స్నేక్ బైట్" అని వెతికి లెక్క తీస్తే ఆ పిల్ల మా లిస్టులో లేదు. ఇంత ఏఎస్‌వీ కావాలని ఇండెంట్ పెట్టేది ఆ లెక్క చూసే. లెక్కలో తగ్గిన ప్రతి కేసూ స్టోర్‌లో తగ్గిన వయల్సే. అందుకే దీన్ని బటన్ నొక్కే పని అనుకోవద్దని అందరికీ చెబుతున్నాను.

ఏ ప్రశ్నలకి ఈ వెతుకులాట పనికొస్తుంది, దేనికి పనికిరాదు?

ఎంతమంది వచ్చారు, ఏ నెలలో ఎక్కువ, ఏ మందు ఎంతమందికి వెళ్లింది లాంటి వాటికి బాగా పనికొస్తుంది. అరుదైన కేసుల్ని వేల షీట్లలోంచి ఏరడానికి ఇంతకు మించిన దారి లేదు. డాక్టరు ఎందుకు అలా నిర్ణయించారు, పేషెంట్ ఎంత నొప్పి పడ్డాడు, ఇంటివాళ్లకి ఏం చెప్పారు అనేవి షీటులో రాసి ఉంటేనే దొరుకుతాయి. రద్దీగా ఉన్న రాత్రి అవేవీ ఎవరూ రాయరు. రాయనంత మాత్రాన జరగలేదని రిపోర్టులో పెట్టకండి.

మన ఆసుపత్రి రికార్డులే కదా, అనుమతి దేనికి?

మీ వార్డు పని మెరుగు కోసం లోపల్లోపల చూసుకునే ఆడిట్‌కి సూపరింటెండెంట్ గారి దగ్గర రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి. థీసిస్‌కో, పత్రికకో, కాన్ఫరెన్స్‌కో వెళ్లే పని అయితే ఎథిక్స్ కమిటీకి వెళ్లాల్సిందే. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 మార్గదర్శకాల ప్రకారం పేర్లూ గుర్తులూ తీసేసిన పాత రికార్డుల మీద పనికి ఒక్కో పేషెంట్ సమ్మతి అక్కర్లేదని కమిటీ మినహాయింపు ఇవ్వొచ్చు. ఆ మినహాయింపు ఇచ్చేది కమిటీ, మనం కాదు. డేటా తీసేశాక అడగడం కుదరదు, ముందే అడగాలి.

చేతిరాత షీట్లు స్కాన్ చేసి పెట్టారు. వాటిల్లో వెతకొచ్చా?

కుదరదు. స్కాన్ అంటే ఫొటో, అందులో అక్షరాలు ఉండవు. అచ్చు అక్షరాలైతే సాఫ్ట్‌వేర్ కొంత చదువుతుంది. డాక్టర్ల చేతిరాత దగ్గర, అందులోనూ మూడు భాషలు కలిసిన చోట, దాన్ని నమ్మి లెక్క ఇవ్వకండి. అవి కళ్లతో చదవాల్సినవే.

## వెతికే పదాలు తయారు చేసుకునేటప్పుడు

ఒక్క పదం పెడితే చాలదా? ఎన్ని పదాలు పెట్టాలి?

ఇన్ని అని లెక్కేమీ లేదు. ముందు ఓ యాభై షీట్లు తెరిచి కళ్లతో చదవండి. ఆ యాభై కంప్యూటర్ వెతికి ఇచ్చినవి కాకూడదు, వేరే దారిలో ఏరినవి కావాలి. పాముకాటుకైతే ఫార్మసీ ఏఎస్‌వీ రిజిస్టరు, గుండెపోటుకైతే ఈసీజీ రిజిస్టరు. ఆ షీట్లలో మన వాళ్లు ఆ రోగాన్ని ఏమేం రాశారో ఒక నోట్‌బుక్‌లో దించుకోండి. నేను అలా చేసినప్పుడు పాముకాటుకి దొరికినవి ఇవి: స్నేక్ బైట్ కలిపి, స్నేక్ బైట్ విడగొట్టి, స్పెల్లింగ్ తప్పుతో, ఒట్టి "ఎస్ బై బీ", "అన్‌నోన్ బైట్", "క్వరీ ఎన్వెనొమేషన్" (విషం ఎక్కిందేమో అని), "బైట్ ఓవర్ లెఫ్ట్ ఫుట్", ఇంకా "ఇన్‌సెక్ట్ బైట్". కుర్చీలో కూర్చుని ఎంత ఆలోచించినా వీటిలో సగం నాకు తట్టేవి కావు.

కొత్త షీట్లు చదువుతున్నా కొత్త పదం రావడం ఆగిపోయిందంటే లిస్టు చాలినట్టే.

తెలుగు, ఒడియా, ఇంగ్లీషు కలగలిపి రాస్తారు కదా, ఎలా పట్టుకోవాలి?

మూడు భాషలకీ మూడు లిస్టులు పెట్టుకోండి. "పాము కాటు", ఒడియాలో "సాప కాముడా", ఇంగ్లీషు మాట, ఆపైన ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టిన తెలుగూ ఒడియా. ఈ చివరిదే ఎక్కువగా తప్పించుకుపోతుంది. అదే మాటని ఒకరు ఒక "ఏ" పెట్టి, ఇంకొకరు రెండు "ఏ"లు పెట్టి కొడతారు.

తెలుగు లిపిలోనే కొట్టారు కదా అని ధీమాగా ఉండకండి. పొల్లు హల్లు విడిగా కనపడాలంటే మధ్యలో కంటికి కనపడని ఒక గుర్తు పడుతుంది. "ఇన్‌సెక్ట్" అన్న మాటని ఒకరు ఆ గుర్తుతో, ఇంకొకరు అది లేకుండా కొడితే కంప్యూటర్‌కి అవి రెండు వేరే మాటలు. వెతికే ముందు ఆ గుర్తుల్ని తీసేసిన కాపీ ఒకటి తయారు చేయమని మీ ఐటీ అబ్బాయికి చెప్పండి. పాత అను ఫాంట్‌లో టైప్ చేసిన డిశ్చార్జి సమ్మరీలు ఉంటే అవి తెరమీద తెలుగులా కనిపిస్తాయి గానీ లోపల యూనికోడ్ తెలుగు కాదు. మార్పిడి చేశాకే వాటిలో వెతకాలి.

ఒకే మనిషి ఇద్దరుగా వస్తున్నారు, పేర్లు కలవట్లేదు. ఏం చేయాలి?

సరిహద్దు ఊళ్ల సొంత బాధ ఇది. ఇంగ్లీషులో లక్ష్మి అని రాయాలంటే మనం కె, ఎస్, హెచ్ పెడతాం. ఒడియా వాళ్లు ఎక్స్ పెడతారు. మన వెంకటరావు పర్లాకిమిడి కౌంటర్లో "బెంకట" అయిపోతాడు, ఎందుకంటే ఒడియాలో "వ" చాలాచోట్ల "బ"గా పలుకుతుంది. అదే మనిషి గట్టు దాటి పాతపట్నంలో చూపించుకుంటే మళ్లీ "వి" అక్షరంతో వెంకటే.

ఉచ్చారణ దగ్గరగా ఉన్న పేర్లని కలిపే సౌండెక్స్ అనే పద్ధతి ఒకటి ఉంది. 1918లో అమెరికాలో పేటెంట్ అయిన పాతకాలపుది, చాలా సాఫ్ట్‌వేర్లలో ఇప్పటికీ ఉంది. దానిలో లక్ష్మి రెండు స్పెల్లింగులకీ ఒకే కోడ్ వస్తుంది, కాబట్టి ఆవిడ దొరుకుతుంది. వెంకట దొరకడు. మొదటి అక్షరాన్ని సౌండెక్స్ మార్చకుండా ఉంచేస్తుంది, "వి"తో ఒక కోడ్, "బి"తో ఇంకో కోడ్. మన వైపు దాన్ని వాడాలంటే ముందుగా మొదటి "వి"లన్నిటినీ "బి" చేసేసి అప్పుడు వెతకాలి. ఈ చిన్న మార్పు చేశాక నాకు పేర్ల తలనొప్పి చాలా తగ్గింది.

పేరు ఒక్కటే చూసి మాత్రం ఎప్పుడూ కలపకండి. వయసు, ఊరు, ఫోన్ నంబరులో కనీసం రెండు కుదరాలి. పద్నాలుగు అంకెల ఆభా (ఆయుష్మాన్ భారత్ ఆరోగ్య ఖాతా) నంబరు ఉంటే హాయి, కానీ క్యాజువాల్టీకి స్పృహ లేకుండా వచ్చిన మనిషి దగ్గర అది చూసేదెవరు?

ఐసీడీ కోడ్‌తో, అంటే ఒక్కో రోగానికీ ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన కోడ్‌తో వెతికితే ఈ పదాల గొడవే ఉండదు కదా?

కోడ్ పడితే ఉండదు. పాము విషానికి ఐసీడీ-10లో టీ63.0, ఆర్గానోఫాస్ఫేట్ లాంటి పురుగుమందులకి టీ60.0. చిక్కేమిటంటే చాలాచోట్ల కోడ్ వేసేది డిశ్చార్జి అప్పుడు. క్యాజువాల్టీలోనే చనిపోయినవాళ్లు, గంటలో పై ఆసుపత్రికి వెళ్లిపోయినవాళ్లు, చెప్పకుండా వెళ్లిపోయినవాళ్లు కోడ్ లేకుండానే మిగిలిపోతారు. అందరికంటే బాగా జబ్బుపడ్డవాళ్లు వాళ్లే. కోడ్ లిస్టు, పదాల లిస్టు రెండూ తీసి కలపండి.

రోగం పేరు వదిలేసి మందు పేరుతో వెతకమని చెప్పారు. ఎందుకలా?

మందు పేరుని రోగం పేరులా ఇన్ని రకాల మాటలతో రాయరు గనక. నోరు పలికేది "పురుగు" అయినా చెయ్యి ఎక్కించేది ఏఎస్‌వీయే. ఎమర్జెన్సీలో ఇది మంచి దారి. పురుగుమందు తాగిన కేసులకి పామ్ (ప్రాలిడాక్సిమ్ అనే విరుగుడు), గుండెపోటుకి రక్తం గడ్డ కరిగించే స్ట్రెప్టోకైనేజ్ లేదా టెనెక్టెప్లేజ్ పెట్టి చూడండి.

మందుకూ దాని తప్పులు దానికున్నాయి. పురుగుమందు కేసులకి వాడే అట్రోపిన్ ఒక్కటే పెడితే గుండె వేగం పడిపోయినవాళ్లు కూడా వచ్చేస్తారు. విషం ఎక్కని కాటుకి ఏఎస్‌వీ పెట్టరు, ఇరవై నిమిషాల రక్తం గడ్డకట్టే పరీక్ష చేసి, గమనించి పంపేస్తారు. కాబట్టి పాము కరిచినవాళ్లంతా ఏఎస్‌వీ లిస్టులో ఉండరు. స్టాక్ అయిపోయిన రోజున వచ్చినవాళ్లూ ఉండరు.

## లిస్టు వచ్చాక

మలేరియా అని వెతికితే మలేరియా లేనివాళ్లు కుప్పలుగా వచ్చారు. తప్పెక్కడ?

"ఆర్‌డీటీ నెగటివ్ ఫర్ మలేరియా" (ఆర్‌డీటీ అంటే అక్కడికక్కడే చేసే రక్తపరీక్ష), "మలేరియా రూల్డ్ అవుట్" అన్నవాటిలోనూ మలేరియా అన్న మాట ఉంది కదా. డాక్టర్లు ఉన్నదాన్ని ఎంత శ్రద్ధగా రాస్తారో లేనిదాన్నీ అంతే శ్రద్ధగా రాస్తారు, రాయాలి కూడా.

దీనికోసం 2001లో అమెరికాలోని పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయం వాళ్లు నెగెక్స్ అనే తేలికపాటి పద్ధతి ప్రచురించారు. రోగం మాటకి దగ్గర్లో "నో", "డినైస్", "నెగటివ్ ఫర్" లాంటివి ఉంటే ఆ రోగం లేనట్టు లెక్కేస్తుంది. ఇంగ్లీషులో లేదు అన్న మాట ఎక్కువగా ముందొస్తుంది, "నో ఫీవర్". మనకి వెనకాల వస్తుంది, "జ్వరం లేదు". ఒడియాకీ అంతే, "జ్వర నాహిఁ". మీ సాఫ్ట్‌వేర్ ముందు మాటలు మాత్రమే చూసేదైతే తెలుగు ఒడియా నోట్సులో "లేదు" అన్నవాళ్లందరినీ జబ్బుపడ్డవాళ్లుగా తేలుస్తుంది. రెండు వైపులా చూసేలా రాయించుకోండి.

ఇంకో సంగతి. "తండ్రికి షుగర్ ఉంది", "పోయినేడు మలేరియా వచ్చింది" లాంటివి కాదన్న మాటలు కావు, అలాగని ఇప్పటి రోగమూ కావు. వీటికి కళ్లే గతి.

ప్రతి షీటులోనూ ఒకేలా "చెస్ట్ క్లియర్, అబ్డామెన్ సాఫ్ట్" అని ఉంది. నమ్మొచ్చా?

టెంప్లేట్ (ముందే రాసి పెట్టిన నమూనా) నింపిన వాక్యాన్ని పరీక్ష చేసినట్టుగా లెక్కేయకండి. ఊపిరాడక ట్యూబ్ వేసిన మనిషి షీటులో కూడా "చెస్ట్ క్లియర్" ఉండటం నేను చూశాను. టెంప్లేట్ వాక్యాలు ఏవో ముందే తెలుసుకుని వాటిని వదిలేసి, డాక్టరు సొంతంగా కొట్టిన వరసల్లో మాత్రమే వెతకండి.

నా లిస్టు సరైనదేనని ఎలా చెప్పగలను?

రెండు ప్రశ్నలు వేసుకోవాలి. దొరకాల్సినవాళ్లలో ఎంతమంది దొరికారు? దొరికినవాళ్లలో ఎంతమంది నిజం?

లెక్క కోసం అనుకుందాం. ఒక నెల షీట్లు 500, అన్నీ మీరు కళ్లతో చదివితే నిజంగా పాముకాటు 40. కంప్యూటర్ ఇచ్చింది 45, అందులో నిజమైనవి 32. అంటే 40లో 32 దొరికాయి, నూటికి 80. ఇచ్చిన 45లో 32 నిజం, నూటికి 71. ఈ రెండు అంకెలూ రిపోర్టులో పక్కపక్కనే ఉండాలి. చాలామంది రెండోదే చూపిస్తారు, ఎందుకంటే అది తీయడం సుళువు, లిస్టులో ఉన్నవాళ్లని చదివితే చాలు. మొదటిది తీయాలంటే లిస్టులో లేనివాళ్లని చదవాలి. ఆ పని విసుగే, ఒప్పుకుంటాను. కానీ "ఇన్‌సెక్ట్ బైట్" అమ్మాయి ఉండేది ఆ లేనివాళ్లలోనే. అన్నీ చదవలేకపోతే లిస్టు బయట నుంచి లాటరీ తీసినట్టు కొన్ని తీసి చదవండి, చదివినవి ఎన్నో కూడా రాయండి.

సిస్టర్ చదివితే ఒకటి, నేను చదివితే ఇంకొకటి వస్తోంది. ఎవరిది రైటు?

అది మనుషుల తప్పు కాకపోవచ్చు, నిర్వచనం తప్పు కావచ్చు. "అన్‌నోన్ బైట్, ఏఎస్‌వీ ఇవ్వలేదు" అన్నదాన్ని పాముకాటు అనాలా వద్దా అన్నది చదవడానికి ముందే కాగితం మీద తేల్చుకోవాలి. ఎమర్జెన్సీ రంగంలో 1996లోనే దీనిమీద గట్టి వ్యాసం వచ్చింది, ఆనల్స్ ఆఫ్ ఎమర్జెన్సీ మెడిసిన్ పత్రికలో. కేసు షీట్ల మీద జరిగిన పరిశోధనల్లో చదివేవాళ్లకి శిక్షణ ఇచ్చారా, ఒకే ఫారం వాడారా, ఇద్దరి మధ్య పొంతన కొలిచారా అన్నవి చాలావాటిలో రాయనేలేదని తేలింది.

పొంతనని కప్పా అనే అంకెతో కొలుస్తారు. అనుకోకుండా కుదిరిన వాటిని తీసేసి మిగతా పొంతన చెబుతుంది. 1కి దగ్గరగా ఉంటే మంచిది, 0.61 నుంచి 0.80 మధ్యని గట్టి పొంతన అంటారు. వీలైతే చదివేవాళ్లకి మీరు ఏం తేల్చాలనుకుంటున్నారో చెప్పకండి. "ఏఎస్‌వీ ఆలస్యమవుతోందని చూపించాలి" అని ముందే చెబితే కళ్లు ఆలస్యాన్నే వెతుకుతాయి.

## సమయాలు, రిఫరల్స్

ఈసీజీ తీసిన టైం, పేషెంట్ వచ్చిన టైం కంటే ముందుంది! ఎలా?

కంప్యూటర్‌లో ఉన్నది వచ్చిన టైం కాదు, పేరు ఎక్కించిన టైం. ఛాతీనొప్పి అంటే మనం మనిషిని నేరుగా మంచం మీదికి తీసుకెళ్తాం, బంధువు తర్వాత కౌంటర్‌కి వెళ్తాడు. మంచి పని చేసినందుకు రికార్డు వింతగా కనిపిస్తుంది. పది నిమిషాల్లో ఈసీజీ తీయాలన్న లక్ష్యాన్ని కొలిచేటప్పుడు ఇలాంటి షీట్లని తప్పులని తీసేస్తే మీ అత్యుత్తమ కేసులే పోతాయి. 108లో వస్తే అంబులెన్స్ కాగితం మీద అప్పగించిన టైం చూడండి. ఈసీజీ మెషిన్ గడియారం, కంప్యూటర్ గడియారం ఒకే టైం చూపిస్తున్నాయా అన్నది కూడా ఒకసారి పక్కపక్కన పెట్టి చూడాలి.

డ్యూటీ దిగే ముందు కూర్చుని ఎనిమిది షీట్లు వరసగా టైప్ చేసినప్పుడు నోట్సు టైములన్నీ ఉదయం ఏడూ ఏడూ పదికి వస్తాయి. వాటితో ఆలస్యాలు లెక్కేయకండి.

బరంపురం, విశాఖ పంపేసినవాళ్లని ఏ లెక్కలో వేయాలి?

విడిగా. "బతికారు" అని వేయకూడదు, "పోయారు" అని వేయకూడదు. మన షీటు "రిఫర్డ్ టు హయ్యర్ సెంటర్" దగ్గర ఆగిపోతుంది, ఆ మనిషి కథ మాత్రం ఆగదు. ఒక రాష్ట్రం రికార్డు ఇంకో రాష్ట్రంలో మనకి కనపడదు. అనుమతి ఉంటే బంధువు నంబరుకి ఫోన్ చేసి కనుక్కోండి, మెల్లగా, ముందు మీరెవరో చెప్పి. ఎంతమందిని రిఫర్ చేశారు, ఎంతమంది సంగతి తెలిసింది అన్న రెండు అంకెలూ రాయండి.

## గోప్యత, ఏఐ

పేర్లు తీసేసి ఎక్సెల్ షీటు వాట్సాప్ గ్రూపులో పెట్టొచ్చా?

వద్దు. నలభై గడపలున్న సవర గూడెంలో "పద్దెనిమిదేళ్ల అమ్మాయి, పురుగుమందు, ఫలానా తేదీ" అంటే పేరు ఎందుకు? ఊరు తీసేసి బ్లాక్ పేరు, తేదీ తీసేసి నెల, వయసు తీసేసి పదేళ్ల వరస పెట్టండి. ఒకరిద్దరే ఉన్న గడుల్ని పక్క గడిలో కలిపేయండి. ఆత్మహత్యాయత్నం, హెచ్‌ఐవీ వివరాలకి 2017 నాటి రెండు చట్టాల రక్షణ ఉంది, 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టమూ వచ్చింది. చట్టం సంగతి అలా ఉంచండి, ఆ అమ్మాయి రేపు మళ్లీ అదే ఊళ్లో బతకాలి.

ఇప్పుడు ఏఐ ఉంది కదా, షీట్లన్నీ దానికిచ్చేస్తే పోలా?

మాట మార్చి రాసినా, "లేదు" వెనకాల వచ్చినా పాత పద్ధతుల కంటే బాగా పట్టుకోగలదు. షీటులో లేనిది ఉన్నట్టు ధీమాగా చెప్పనూ గలదు. అందుకే దాని లిస్టునీ చేత్తో చదివిన షీట్లతో పోల్చి చూడాల్సిందే, ఏ షీటులో ఏ వాక్యం చూసి చెప్పిందో చూపించమనాల్సిందే. పేషెంట్ వివరాల్ని ఫోన్‌లోని ఫ్రీ చాట్ యాప్‌లో అతికించడం మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ చేయకండి.

## పేషెంట్ మంచం మీద ఉండగా

మనిషి ముందున్నప్పుడు పాత రికార్డులు వెతుకుతూ కూర్చోవాలా?

డాక్టరూ సిస్టరూ మనిషి దగ్గరే ఉండాలి, వెతికేది మూడో మనిషి. వెతకాల్సినవి కూడా కొన్నే: మందు పడకపోవడం, రక్తం పలచన చేసే మాత్రలు, సికిల్ సెల్ (రక్తకణాలు కొడవలిలా మారే పుట్టుకతో వచ్చే జబ్బు), ఫిట్స్, పాత ఈసీజీ. మన కొండ ప్రాంతాల్లో సికిల్ సెల్ ఉన్నవాళ్లు తక్కువేం కాదు. ఒళ్లంతా నొప్పులని ఏడుస్తున్న కుర్రాణ్ణి నాటకం అనుకునే ముందు ఆ ఒక్క మాట వెతికి చూడండి. ఏమీ దొరక్కపోతే "ఏమీ లేదు" అని కాదు, "దొరకలేదు" అని డాక్టరుకి చెప్పండి.

మొదట్లోనే సరిగ్గా టైప్ చేయిస్తే ఇదంతా తప్పుతుంది కదా?

తప్పుతుందనే మేమూ అనుకున్నాం. రోగాల పేర్లతో ఎంచుకునే లిస్టు ఒకటి పెట్టించాం. రద్దీలో అందరూ పైన ఉన్న మొదటి పేరే నొక్కేశారు, ఒక నెలంతా జ్వరం కేసులే. అది తీసేసి "వాళ్లు చెప్పిన మాట" అని ఒక గడి పెట్టించాం. తెలుగైనా ఒడియా అయినా సవర అయినా ఇంటివాళ్లు అన్న మాటని అలాగే కొట్టాలి, ఇంగ్లీషులోకి మార్చకూడదు. అప్పుడు "ఇన్‌సెక్ట్ బైట్" కొట్టిన ఆ అబ్బాయే ఇప్పుడు "పురుగు ముట్టింది" అని కొట్టి, కుర్చీలోంచి లేచి వచ్చి సిస్టర్‌కి చెబుతున్నాడు.